స్టేషన్ మారినది

హన్మకొండ పాత ఆఫీసు వెనక
తెల్ల చెక్కపెట్టె, ఉత్తరం దిక్కు మొగం.
పొద్దున ఎనిమిదిన్నరకు, సాయంత్రం ఐదున్నరకు
ఇరవై ఆరేండ్లు సదానందం సార్ దాని తలుపు తీసిండు.
తీసేముందు ఊపిరి బిగబట్టేటోడు,
తన ఊపిరి వేడి ఊరి లెక్కల పడొద్దని.

తడిబల్బుకు మల్లుగుడ్డ ఎట్ల చుట్టాల్నో
ఆకాశాన్ని ఎనిమిది ముక్కలు కోసి
ఎన్ని ముక్కల్ల మబ్బున్నదో ఎట్ల చెప్పాల్నో
నాకు ఆయనే నేర్పిండు.
చూపు కొలిచే మిషన్ లేదు మాకు.
పద్మాక్షి గుట్ట ఆనితే ఇంత,
కాజీపేట నీళ్లట్యాంకు ఆనితే ఇంకింత.
ఏదీ ఆనకపోతే
"ఇయ్యాల ఊరు సెలవుల ఉన్నది, రాసుకో" అనేటోడు.

కార్తీకంల మామునూరుకు విమానమొచ్చింది.
మా పెట్టె లారీ ఎక్కలేదు.
అక్కడ కొత్త స్తంభాలు మొలిచినయి.
రన్‌వే పక్కన రెండు గాజుకండ్లు
ఒకదాన్నొకటి చూసుకుంట
నడుమ గాలి ఎంత మసకబారిందో లెక్కగడ్తయి.
అర్ధగంటకోసారి రిపోర్టు.
మబ్బు అడుగు ఎన్నడుగుల ఎత్తున్నదని
ఇన్నేండ్లు నన్నెవరూ అడగలే.
అడిగిందల్లా ఒక్కటే: పడ్తదా, పడదా?

పుష్యంల మంచు దిగింది.
వరుసగా తొమ్మిది పొద్దులు రాసిన: మంచు, మంచు, మంచు.
హైదరాబాద్ నుంచి ఫోను,
"మీ ఊర్లె ఇంత మంచు ఎన్నడూ లేదే, పాత రిజిస్టర్ల?"
ఉన్నది సార్.
తెల్లారగట్ల ఐదింటికి
చెరువుకట్ట మీద పాలక్యాన్ల బండ్లకు తెలుసు,
హారన్ కొట్టుకుంట పోయేటోళ్లు.
ఎనిమిదిన్నరకు మేం కండ్లు తెరిచేసరికి
ఎండ దాన్ని తాగి మూతి తుడుచుకునేది.

ఏప్రిల్‌ల పేపర్ల పడ్డది:
"వరంగల్‌కు ఊరట, రెండు డిగ్రీలు తగ్గిన ఎండ."
ఆ పేపర్నే మడిచి విసురుకుంటున్నడు
పోచమ్మ మైదాన్ల ఆటో ఆయన.
తారు చెప్పును పట్టుకొని ఇడుస్తలేదు.
చల్లబడ్డదెవరు?
పన్నెండు కిలోమీటర్ల అవతల
గడ్డి నడుమ ఒక సెన్సర్.

ఆ నెలాఖరునే, పగలు మూడింటికి, ఎనుమాముల నుంచి ఓదెలు.
హమాలీ సంఘమాయన. నా నంబరు ఎట్ల దొరికిందో.
"మేడం, ఫోన్ల వాన లేదని సూపెడ్తాంది.
ఈడ మిర్చి కాల్వల పారుతాంది, నెత్తుర్లెక్క.
పట్టాలు కప్పుదామంటే
సేటు ఫోన్ జూసి వద్దన్నడు."
నా కిటికీల నుంచి చూసిన.
రన్‌వే పొడిగ తళతళలాడుతాంది.
విమానం టంచనుగ లేచింది.
గడిల నేను రాయగలిగింది రాసిన:
వాన, సున్న.
ఆ సున్న తప్పు కాదు.
అందుకే ఆ రాత్రి అన్నం సయించలే.

ఆదివారం సార్ ఇంటికి పోయిన.
మిద్దె మీద, తులసి కుండ పక్కన
తుప్పుపట్టిన వానగిన్నె ఇంకా పెట్టుకున్నడు.
ముప్పై ఒక్క మిల్లీమీటర్లు, క్యాలెండర్ వెనక పెన్సిల్‌తోని.
"ఇది ఎక్కడ రాయాలె సార్?"
"ఎక్కడా రాయొద్దు. దీన్ని ఎవ్వరూ తనిఖీ చెయ్యలే."
చాయ్ చల్లారేదాక ఏం మాట్లాడలే.
"రిజిస్టర్ల ఎర్రసిరా గీత గీసినవా?"
గియ్యలేదు.
"గియ్యి బిడ్డా.
యాబై ఏండ్లకు ఎవడో ఈ అంకెలు వరుసబెట్టి సూస్తడు.
ఒక్క రాత్రిల ఊరు మారిందనుకుంటడు.
మారింది మనం నిలవడ్డ జాగ."

సోమారం పొద్దున గీత గీసిన.
పక్కన రెండే మాటలు: స్టేషన్ మారినది.
సిరా ఆరేదాక ఆగి
కొత్త స్తంభం కాడికి పోయిన.
దానికి తలుపు లేదు, తీసేది లేదు.
అయినా దగ్గరికి రాంగనే
ఊపిరి బిగబట్టిన.